ఎత్తుకోవడం నుంచి పుంజుకోవడం దాకా: ‘పిక్ అప్’ అర్థాల చిక్కుముడి

ఇంగ్లీషు వ్యాకరణం శ్రద్ధగా చదువుకుని, కాలాలూ వాక్యభేదాలూ క్షుణ్ణంగా తెలిసినవాళ్లు కూడా మాటల్లోకి దిగేసరికి తడబడే చోటు ఒకటుంది. అక్కడ ఇబ్బంది పెట్టేవి కొరుకుడుపడని పెద్ద పదాలు కావు. పిల్లలకు సైతం తెలిసిన రెండు చిన్న మాటలు పక్కపక్కన చేరి, విడివిడిగా తమకు లేని అర్థాన్ని ఇస్తాయి. గెట్, పుట్, టేక్, టర్న్, పిక్ వంటి క్రియలకు అప్, ఆఫ్, ఔట్, ఆన్ వంటి పొట్టి మాటలు తోడైనప్పుడు ఏర్పడే ఈ జంటలనే ఫ్రేజల్ వెర్బ్‌లు అంటున్నాం. ఈ ఇబ్బంది నేటిది కాదు. 1755లో తన ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్, పరభాషీయులకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగించేవి ఇలాంటి కూర్పులేనని దాని పీఠికలో రాశాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు మాత్రం చాలా తర్వాత, 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రచనతో వ్యాప్తిలోకి వచ్చింది. ఆ పేరును తనకు సూచించినది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పుకున్నాడు.

వందలకొద్దీ ఉన్న ఈ జంటలను జాబితాలుగా బట్టీపట్టడం వల్ల ఒరిగేది చాలా తక్కువని నా అభిప్రాయం. జాబితాలో ఒక్కో జంటకు ఎదురుగా ఒక్కో తెలుగు మాట ఉంటుంది, కానీ వాడుకలో ఆ జంటకు పది అర్థాలుంటాయి. నేర్చుకున్న ఒక్క అర్థమూ మిగతా తొమ్మిది చోట్ల అడ్డం తిరుగుతుంది. అంతకన్నా, రోజూ వినబడే ఒక్క జంటను తీసుకుని, దాని అర్థాలు ఎక్కడ మొదలై ఎటు పాకాయో, వాక్యంలో అది ఎలా మసలుతుందో చివరంటా చూడటం మేలు. అందుకు ‘పిక్ అప్’ చక్కగా సరిపోతుంది. నిఘంటువు తెరిస్తే నేల మీది వస్తువును తీయడం, స్టేషన్ నుంచి మనిషిని తీసుకురావడం, ఫోన్ ఎత్తడం, భాష నేర్చుకోవడం, జలుబు తెచ్చుకోవడం, రేడియో సంకేతం అందుకోవడం, పోలీసులు అదుపులోకి తీసుకోవడం, వ్యాపారం పుంజుకోవడం, ఆగిన పనిని మళ్లీ అందుకోవడం అన్నీ దీని కిందే కనిపిస్తాయి. పైకి పొంతన లేనట్టుండే ఈ అర్థాలన్నీ నిజానికి రెండు వరసల్లో ఇమిడిపోతాయి.

అసలు అర్థం ఎక్కడుంది

‘పిక్’ అనే క్రియ ఒంటరిగా ఉన్నప్పుడు దాని పని కోయడం, ఏరడం, ఎంచుకోవడం. పూలు కోసినా, కుప్పలోంచి ఒక గులకరాయిని ఏరినా, నాలుగు రంగుల్లో ఒకటి ఎంచుకున్నా ‘పిక్’ ఒక్కటే చాలు. వేళ్ల కొసలతో చేసే పని, అనేకంలోంచి ఒకదాన్ని వేరుచేసే పని అందులో ఉంది. దానికి ‘అప్’ చేరినప్పుడు కింద ఉన్నది పైకి వస్తుంది. అయితే ఆ పైకి అన్నది ఎంత పైకి? మన చేయి ఉన్న ఎత్తు వరకే. ఇదే కీలకం. ‘లిఫ్ట్’ అనే క్రియలోనూ ఎత్తడం ఉంది కానీ, దాని దృష్టి బరువు మీద, కదలిక మీద ఉంటుంది. ఎత్తినది ఎవరికి చెందిందన్న ఊసు అందులో లేదు. క్రేన్ ఇనుప దూలాన్ని ఎత్తితే అది ‘లిఫ్ట్’. కింద పడిన కలాన్ని వంగి చేతిలోకి తీసుకుంటే అది ‘పిక్ అప్’. ఎత్తడంతో పని ఆగలేదు, వస్తువు తీసుకున్న మనిషి దగ్గరికి చేరింది.

ఈ తేడాను గుర్తించడానికి తెలుగువాళ్లు పరాయి భాష దాకా పోనక్కర లేదు. రాశాడు అన్నదానికీ రాసుకున్నాడు అన్నదానికీ మధ్య తేడా మనలో చదువు లేనివారికి కూడా తెలుసు. ‘కొను’ అనే సహాయక క్రియ చేరగానే పని ఫలితం చేసినవాడి వైపు మళ్లుతుంది. ఇప్పుడు ‘పిక్ అప్’ అర్థాలకు మన నోట సహజంగా వచ్చే మాటలను వరసగా పెట్టి చూడండి: ఎత్తుకోవడం, ఏరుకోవడం, అందుకోవడం, కొనుక్కోవడం, నేర్చుకోవడం, తెచ్చుకోవడం, అంటించుకోవడం, కోలుకోవడం, పుంజుకోవడం. అన్నిటి చివరా ఉన్నది ‘కొను’ ఒక్కటే. ఇది కేవలం కాకతాళీయమని నేను అనుకోను. ఇంగ్లీషు ఇక్కడ ‘అప్’తో చేయించుకున్న పనిని తెలుగు ‘కొను’తో చేయించుకుంటోంది.

దీన్ని సూత్రంగా మార్చి ‘అప్’ కనిపించిన ప్రతిచోటా ‘కొను’ అతికించబోతే మాత్రం బోర్లా పడతాం. ‘టేర్ అప్’ అంటే చించేయడం, ‘యూజ్ అప్’ అంటే వాడేయడం. అక్కడ ‘అప్’ చెబుతున్నది పని పూర్తిగా అయిపోయిందని. తెలుగులో ఆ బాధ్యత ‘వేయు’ అనే మరో సహాయక క్రియది. ఒకే క్రియకు తీసుకో, తీసెయ్, తీసిపెట్టు, తీసిపారెయ్ అని నాలుగు రూపాలు కట్టి నాలుగు దిక్కులకు నడిపించే భాష మనది. తెలుగు నేర్చుకునే విదేశీయుడు వీటి దగ్గర పడే అవస్థ, ‘పిక్ అప్’ దగ్గర మనం పడే అవస్థ ఒకటే జాతివి.

దారిలో దొరికినదాన్ని అందుకోవడం

మొదటి వరస అర్థాలన్నిటిలోనూ ఒక మనిషి గానీ యంత్రం గానీ దేన్నో అందుకుని తనవైపు తెచ్చుకోవడం ఉంటుంది. మనుషుల విషయంలో ఇది వాహనంతో ముడిపడింది. ‘ఐ విల్ పిక్ యు అప్ ఎట్ సిక్స్’ అంటే ఆరింటికి నీవున్న చోటికి వచ్చి నిన్ను బండిలో ఎక్కించుకుంటానని అర్థం. బస్సు ప్రయాణికులను ఎక్కించుకున్నా, పడవ సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడి ఎక్కించుకున్నా ఇదే మాట. అదే వాక్యంలో కర్తగా పోలీసులు ఉంటే అర్థం ఒక్కసారిగా బరువెక్కి, అదుపులోకి తీసుకోవడం అవుతుంది. వస్తువుల విషయంలో ‘పిక్ అప్’ అంటే ముందే సిద్ధంగా ఉన్నదాన్ని వెళ్లి తెచ్చుకోవడం గానీ, వస్తూ వస్తూ కొనుక్కురావడం గానీ అవుతుంది. కొనడమే ప్రధానోద్దేశంగా రోజంతా తిరిగి, బేరమాడి కొన్న ఇంటికి ఈ మాట నప్పదు. దారిలో ఆగి తీసుకున్న వార్తాపత్రికకు నప్పుతుంది.

ఈ ‘వస్తూ వస్తూ’ అనే ఛాయ ఈ వరస మొత్తానికీ ప్రాణం వంటిది. దాన్ని పట్టుకోనివాళ్లకు నేర్చుకోవడం అనే అర్థం దగ్గర లెక్క తప్పుతుంది. ‘లర్న్’ అనేది నేర్చుకోవడానికి సాధారణమైన మాట. గురువు దగ్గర కూర్చుని నేర్చినా, సొంతంగా చదివి నేర్చినా, అనుభవం మీద నేర్చినా సరిపోతుంది. ‘పిక్ అప్’ అలా కాదు. పనిగట్టుకోకుండా, చుట్టూ వినబడుతున్నదాన్ని, కనబడుతున్నదాన్ని ఏరుకుంటూ ఒంటబట్టించుకోవడం అన్నది దాని లోపలి మాట. పొరుగు పిల్లలతో ఆడుతూ ఇంకో భాష పలికే చిన్నవాడు ఆ భాషను ‘పిక్ అప్’ చేశాడు. కొత్త చోట కొన్నాళ్లుండి అక్కడి యాసను, స్నేహితుల దగ్గర చెడ్డ అలవాటును, పెద్దల మాటల్లోంచి ఒక నానుడిని కూడా ‘పిక్ అప్’ చేయవచ్చు. ఐదేళ్లు తరగతుల్లో కూర్చుని పరీక్షలు రాసి పట్టా పొందిన రసాయనశాస్త్రాన్ని ‘పిక్ అప్’ చేశానని ఎవరూ అనరు. అంటే వినేవాళ్లకు అది చమత్కారంగానో, గొప్పలకు పోవడంగానో తోస్తుంది.

జబ్బుల విషయంలోనూ ఇదే తర్కం పనిచేస్తుంది. జలుబునూ, ఇన్ఫెక్షన్‌నూ, వైరస్‌నూ ‘పిక్ అప్’ చేస్తాం; అవి బయట ఎక్కడో ఉండి మనకు అంటుకునేవి. మధుమేహాన్నీ కీళ్లవాతాన్నీ ‘పిక్ అప్’ చేయలేం, ఎందుకంటే అవి దారిలో దొరికేవి కావు. ‘గెట్’ అనే క్రియకు ఈ పట్టింపు లేదు. అంటుకున్న జబ్బుకూ లోపల పుట్టిన జబ్బుకూ అది సరిపోతుంది. జలుబు వరకూ అయితే ‘క్యాచ్’ అనే మాటే ఎక్కువగా వినబడుతుందన్నది వేరే సంగతి.

యంత్రాల దగ్గరికి వస్తే ‘అందుకోవడం’ మరింత సూక్ష్మమవుతుంది. రాడార్ విమానాన్ని, రేడియో దూరపు స్టేషన్‌ను, మైకు పక్క గదిలోని సవ్వడిని ‘పిక్ అప్’ చేస్తాయి. కుక్క వాసన పట్టినా ఇదే మాట వాడతారు. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద అమర్చే చిన్న భాగానికి ‘పికప్’ అనే పేరు ఇక్కడి నుంచే వచ్చింది. అయస్కాంతానికి సన్నని రాగి తీగ చుట్ట చుట్టి ఉంటుంది. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పును ఆ చుట్ట విద్యుత్ సంకేతంగా అందుకుంటుంది. పదార్థమేదీ చేతులు మారకపోయినా, అక్కడ ఉన్నదొకటి ఇక్కడికి చేరింది గనుక ‘పిక్ అప్’ సరిపోయింది.

ఫోన్ సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. పూర్వం గంట మోగితే రిసీవరును నిజంగానే చేతిలోకి ఎత్తుకునేవాళ్లు. ఇప్పుడు తెర మీద వేలితో తాకుతున్నాం, అయినా ఇంగ్లీషులో ‘పిక్ అప్’, తెలుగులో ‘ఫోన్ ఎత్తడం’ నిలిచిపోయాయి. ‘షి డిడన్ట్ పిక్ అప్’ అని కర్మ లేకుండా అన్నా ఆమె ఫోన్ ఎత్తలేదనే అర్థం. అయితే ఇదే మాటకు ఫోన్ చేయడం అనే వ్యతిరేక దిశ అర్థం కూడా ఉంది. ‘జస్ట్ పిక్ అప్ ద ఫోన్ అండ్ కాల్ హిమ్’ అంటే ఊరికే ఆలోచిస్తూ కూర్చోక అతనికి ఒక ఫోన్ చేయమని. రిసీవరు ఎత్తడం ఫోన్ చేయడానికైనా, వచ్చిన ఫోన్‌కు పలకడానికైనా మొదటి మెట్టే గనుక రెండు అర్థాలూ ఒకే చేతి కదలికలోంచి వచ్చాయి.

ఎవరూ ఎత్తకుండానే లేచేవి

రెండో వరసలో కర్మ ఉండదు. ఎవరూ దేన్నీ ఎత్తరు. ఆ వస్తువో పరిస్థితో తనంతట తానే పైకి వస్తుంది. అమ్మకాలు పుంజుకుంటే, గాలి జోరందుకుంటే, జబ్బుపడ్డ మనిషి కోలుకుంటుంటే, చప్పగా సాగుతున్న కథ ఊపందుకుంటే ‘పిక్ అప్’ ఒక్కటే పలుకుతుంది. పెరగడాన్ని పైకి పోవడంగా ఊహించడం మనుషుల ఆలోచనలోనే నాటుకుపోయిన తీరు. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1980లో ఈ సంగతిని విస్తారంగా చర్చించారు. ధరలు పైకి వెళ్లాయనీ, జ్వరం దిగిందనీ అనే మనకు దీన్ని వేరే ఎవరూ వివరించనక్కర లేదు.

ఇందులో ఒక ఛాయ మాత్రం జాగ్రత్తగా గమనించాలి. ఇలా కర్మ లేకుండా వాడిన ‘పిక్ అప్’ సాధారణంగా తక్కువగానో మందంగానో ఉన్నది మెరుగుపడటాన్ని చెబుతుంది. ఏడాది పొడవునా బ్రహ్మాండంగా సాగుతున్న వ్యాపారం ఇంకా పెరిగితే ‘గ్రో’, ‘ఇంక్రీజ్’ వంటి మాటలు నప్పుతాయి. నెలల తరబడి ఈగలు తోలుకున్న వ్యాపారంలో కదలిక వస్తే అది ‘పిక్ అప్’. కింద పడినదాన్ని ఎత్తడం అన్న మొదటి అర్థం ఇక్కడ కూడా నీడలా వెంటే ఉంది. పుంజుకోవడం, కోలుకోవడం అన్న తెలుగు మాటల్లోనూ ముందు కొంత తగ్గి ఉండటం దాగి ఉందని వేరే చెప్పాలా?

‘పిక్ అప్ స్పీడ్’ ఈ రెండు వరసల మధ్య నిలబడ్డ ప్రయోగం. రైలు వేగాన్ని అందుకుంటోంది, అంటే కర్మ ఉంది. వేగం పెరుగుతోంది, అంటే రెండో వరస భావమూ ఉంది. ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టడం కూడా ఇంచుమించు ఇలాంటిదే. ‘లెట్స్ పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్’ అన్నప్పుడు వదిలేసిన చర్చ కింద పడ్డ దారపు కొసలాగా ఉంది. దాన్ని తిరిగి చేతిలోకి తీసుకుంటున్నాం.

‘ఇట్’ ఎక్కడ పెట్టాలి

అర్థం తెలిసినవాళ్లు సైతం పొరబడేది మాటల వరస దగ్గర. పుస్తకాన్ని తీయమనడానికి ‘పిక్ అప్ ద బుక్’ అన్నా, ‘పిక్ ద బుక్ అప్’ అన్నా తప్పు లేదు. పుస్తకం బదులు సర్వనామం వచ్చిందంటే మాత్రం ఒకటే దారి: ‘పిక్ ఇట్ అప్’. ‘పిక్ అప్ ఇట్’ అనేది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల నోట రాదు. దెమ్, హిమ్, హర్, మి, అస్ అన్నిటికీ ఇదే కట్టుబాటు.

చాలా పుస్తకాలు ఈ నియమాన్ని చెప్పి ఊరుకుంటాయి, కారణం చెప్పవు. కారణం తెలిస్తే నియమాన్ని గుర్తుపెట్టుకోవలసిన శ్రమ ఉండదు. ఇంగ్లీషు వాక్యంలో ఊనిక సాధారణంగా చివరికి పడుతుంది. కొత్త సమాచారమూ చివరికే చేరుతుంది. ‘బుక్’ ఊనికను మోయగల మాట, కాబట్టి చివర నిలబడగలదు. ‘ఇట్’ అలాంటిది కాదు. అప్పటికే ప్రస్తావనకు వచ్చిన, ఇద్దరికీ తెలిసిన వస్తువుకు బదులుగా వచ్చిన బలహీనమైన మాట అది. దాన్ని గబుక్కున పలికి దాటిపోతారు. ‘అప్’ను మాత్రం గట్టిగా పలుకుతారు. అందుకే బలమైనది చివరికి వెళ్లింది, బలహీనమైనది మధ్యలో ఒదిగింది. ‘పిక్ ఇట్ అప్’ను పైకి అని చూడండి, సహజంగా పలికేవాళ్ల నోట అది మూడు మాటల్లా కాక ‘పికిటప్’ అని ఒకే మాటలా, చివరి అచ్చు మీద ఊనికతో వినబడుతుంది. చెవికి ఈ లయ అలవాటైతే ‘పిక్ అప్ ఇట్’ దానంతట అదే ఎబ్బెట్టుగా తోస్తుంది.

ఇదే సూత్రం మరో సందర్భాన్ని కూడా పరిష్కరిస్తుంది. కర్మ పొడవుగా ఉంటే, ఉదాహరణకు నిన్న నేను బల్ల మీద వదిలేసిన నీలం అట్ట పుస్తకం అన్నంత పొడవుగా ఉంటే, దాన్ని మధ్యలో ఇరికించి ‘అప్’ను చివరికి తోయడం వినేవాళ్లను ఇబ్బంది పెడుతుంది. ‘పిక్’ విన్న శ్రోత అది కోయడమో, ఎంచుకోవడమో, ఎత్తుకోవడమో తేలక ‘అప్’ కోసం ఎదురుచూస్తూ ఉండిపోవాలి. కనుక పొడుగు కర్మను ‘పిక్ అప్’ తర్వాతే పెట్టాలి. ‘పిక్ అప్ స్పీడ్’ లాంటి పాతుకుపోయిన కూర్పులను కూడా విడదీయకుండా అలాగే వాడతారు.

ఈ వరస పట్టింపు అన్ని జంటలకూ లేదు. ‘లుక్ ఎట్ ఇట్’, ‘లుక్ ఆఫ్టర్ హర్’ అన్నప్పుడు సర్వనామం చివరే వస్తుంది. అక్కడ ‘ఎట్’, ‘ఆఫ్టర్’ అనేవి ప్రిపోజిషన్లు. తమ వెనుక ఉన్న నామవాచకాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. ‘పిక్ అప్’లోని ‘అప్’ క్రియకు చెందినది. ఏది ఏ రకమో తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. కర్మగా ఒక నామవాచకాన్ని పెట్టి, దాన్ని చిన్న మాటకు ముందుకూ వెనక్కూ జరిపి చూడాలి. ‘పిక్ ద బుక్ అప్’ నిలబడుతుంది, ‘లుక్ ద బుక్ ఎట్’ కూలిపోతుంది. జరిపితే నిలబడే జంటల్లో సర్వనామం మధ్యలోకి వెళ్లి తీరాలి.

‘అప్’ మానేస్తే ఏమవుతుంది

తెలుగువాళ్ల ఇంగ్లీషులో ‘ఐ విల్ పిక్ యు’, ‘పిక్ ద కాల్’, ‘లిఫ్ట్ ద ఫోన్’ అన్నవి విరివిగా వినబడతాయి. చివరిది ‘ఫోన్ ఎత్తు’కు నేరుగా చేసిన అనువాదం. మన మధ్య మాట్లాడుకునేటప్పుడు వీటితో వచ్చిన నష్టమేమీ లేదు, అందరికీ అర్థమవుతాయి. ఇంగ్లీషు వేరే చోట్ల నేర్చినవాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘అప్’ను వదిలేయడం చిన్న విషయం కాదు. ‘ఐ విల్ పిక్ యు’ అంటే వాళ్లకు వినబడేది ‘నిన్ను ఎంచుకుంటాను’ అని. ఆటకు జట్టును ఎంపిక చేస్తున్న కెప్టెన్ అనవలసిన మాట అది. ఫోన్ విషయంలో ‘పిక్ అప్ ద ఫోన్’ అనడం, కాల్ అనే మాట వాడదలచుకుంటే ‘ఆన్సర్ ద కాల్’ అనడం ఎక్కడైనా చెల్లుతాయి.

ఇంకో జాగ్రత్త మర్యాదకు సంబంధించినది. పరిచయం లేని వ్యక్తిని సరసమైన ఉద్దేశంతో మాటల్లో పెట్టి వెంట తీసుకెళ్లడం అనే అర్థం కూడా ‘పిక్ అప్’కు ఉంది. సహోద్యోగిని స్టేషన్ నుంచి తీసుకొచ్చానని చెప్పదలచుకున్నవాళ్లు ‘ఐ పిక్డ్ అప్ ఎ ఉమన్ ఎట్ ద స్టేషన్’ అంటే వినేవాళ్ల కనుబొమలు పైకి లేస్తాయి. ‘ఐ పిక్డ్ అప్ మై కొలీగ్ ఫ్రమ్ ద స్టేషన్’ అంటే ఏ తంటా లేదు. మనిషి ఎవరో తెలిపే మాట ఒకటి, ‘ఫ్రమ్’ ఒకటి ఉంటే అపార్థానికి చోటుండదు.

‘అప్’ తర్వాత మరో పొట్టి మాట చేరినప్పుడు అర్థం ఇంకో మలుపు తిరుగుతుంది. ‘పిక్ అప్ ఆన్’ అంటే ఎదుటివాళ్లు నోరు తెరిచి చెప్పనిదాన్ని పసిగట్టడం. చర్చలో అయితే, ఇంతకుముందు ఎవరో అన్న మాటను అందుకుని కొనసాగించడం. ఇక్కడ ‘ఆన్’ ప్రిపోజిషన్ గనుక సర్వనామం చివరికే వస్తుంది, ‘పిక్ అప్ ఆన్ ఇట్’ అని. ‘పిక్ అప్ ఆఫ్టర్’ అంటే ఒకరు చిందరవందర చేసి వదిలిన వస్తువులను వాళ్ల వెనకాలే తిరిగి సర్దడం. పసివాళ్ల విషయంలో మామూలుగా, ఎదిగినవాళ్ల విషయంలో దెప్పిపొడుపుగా దీన్ని వాడతారు. ‘పిక్ ఆన్’కు ‘అప్’తో సంబంధమే లేదు; అది ఒకరినే పట్టుకుని సతాయించడం.

నామవాచకంగా మారినప్పుడు ఈ జంట రాతలోనూ పలుకులోనూ రూపు మార్చుకుంటుంది. క్రియ అయితే రెండు మాటలుగా విడిగా రాయాలి, ఊనిక ‘అప్’ మీద పడాలి. నామవాచకం అయితే కలిపి రాస్తారు, ఊనిక ‘పిక్’ మీద పడుతుంది. ఈ-మెయిళ్లలో క్రియను కూడా కలిపి రాసేయడం ఇప్పుడు సర్వసాధారణమైపోయింది. లాగిన్, సెటప్, బ్యాకప్ వంటి మాటలకూ ఇదే గతి పట్టింది. సందేహం వస్తే భూతకాలంలో పెట్టి చూస్తే సరి. ‘పిక్డ్ అప్’ అవుతుందే గాని ‘పికప్డ్’ అనే మాట పుట్టదు; మధ్యలో కాలసూచన దూరుతోందంటే అక్కడ ఖాళీ ఉండాల్సిందే. తెలుగులో మనం తెచ్చుకున్నది నామవాచక రూపమే. బండికి పికప్ లేదనీ, సినిమా రెండో వారంలో పికప్ అయిందనీ, సాయంత్రం నేనే పికప్ చేసుకుంటాననీ అంటాం. విచిత్రమేమిటంటే ఈ మూడు ప్రయోగాల్లో వేగం పెరగడం, పుంజుకోవడం, మనిషిని ఎక్కించుకోవడం, అంటే పైన చెప్పిన రెండు వరసలూ, తెలియకుండానే మన నోట పలుకుతున్నాయి.

ఒక వాక్యంలో ‘పిక్ అప్’ ఏ అర్థంలో ఉందో తేలకపోతే దాని వ్యతిరేకపదం వెతకడం పనికొచ్చే ఉపాయం. చేతిలోకి తీసుకున్న వస్తువుకు ఎదురు ‘పుట్ డౌన్’. బండిలో ఎక్కించుకున్న మనిషికి ఎదురు ‘డ్రాప్ ఆఫ్’. ఫోన్‌కు ‘హ్యాంగ్ అప్’, రైలు వేగానికి ‘స్లో డౌన్’, గాలికి ‘డై డౌన్’. నేర్చుకున్న అలవాటుకు ఎదురు వదిలించుకోవడం. వ్యతిరేకం మారిన ప్రతిసారీ అర్థం ఒక మెట్టు పక్కకు జరిగిందన్నమాట.

ఇక దీన్ని ఎక్కడ వాడాలి, ఎక్కడ మానాలి అన్నది. ఫ్రేజల్ వెర్బ్‌లంటే నాటుమాటలనీ, రాతలో వాడకూడదనీ ఒక అపోహ ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఏలికల భాషగా ఫ్రెంచి కుదురుకుంది, పండితుల భాషగా లాటిన్ ముందునుంచే ఉంది. ఆ రెండింటి నుంచి వచ్చి చేరిన మాటలు గంభీరమైన రాతకూ, దేశీయమైన పొట్టి మాటలు మామూలు సంభాషణకూ అన్న విభజన క్రమంగా స్థిరపడింది. ‘పిక్ అప్’కు అలాంటి బరువైన ప్రతిరూపాలు అర్థాన్ని బట్టి చాలా ఉన్నాయి: వస్తువుకు ‘కలెక్ట్’, నైపుణ్యానికి ‘అక్వైర్’, సంకేతానికి ‘డిటెక్ట్’, ఆగిన పనికి ‘రెజ్యూమ్’, జబ్బుకు ‘కాంట్రాక్ట్’, వ్యాపారానికి ‘ఇంప్రూవ్’. పరిశోధన పత్రంలోనో, న్యాయస్థానానికి ఇచ్చే పత్రంలోనో ఇవే తగినవి. అమ్మకాలు పుంజుకున్నాయని రాసే వార్తాకథనంలో మాత్రం ‘పిక్డ్ అప్’ నిరభ్యంతరంగా కనిపిస్తుంది. స్నేహితుడికి పంపే సందేశంలో ‘ఐ విల్ కలెక్ట్ యు’ అని రాస్తే బ్రిటిష్ ఇంగ్లీషులో చెల్లుతుంది కానీ, అమెరికన్ చెవికి మనిషిని పార్సిల్‌లా తీసుకెళ్తున్నట్టుంటుంది.

ఉద్యోగ దరఖాస్తులో ఈ ఎంపికకు ఇంకో కోణం ఉంది. ప్రోగ్రామింగ్ భాషను ‘పిక్డ్ అప్’ అని రాస్తే, పని చేస్తూ చేస్తూ కొంత ఒంటబట్టిందని చదివేవాళ్లు అర్థం చేసుకుంటారు. చురుకైన మనిషన్న మెచ్చుకోలు, లోతు ఎంతో అన్న అనుమానం రెండూ ఆ ఒక్క మాటతో వాళ్ల మనసులో మెదులుతాయి. నిజంగా అలాగే నేర్చుకుని ఉంటే అంతకన్నా నిజాయితీ గల మాట లేదు. క్రమంగా చదివి, సాధన చేసి, పట్టు సాధించి ఉంటే అక్కడ రాయవలసినది ‘లర్న్డ్’ గానీ ‘ట్రెయిన్డ్ ఇన్’ గానీ.